ఎన్నేండ్లు వస్తాది?

పోయిన సంవత్సరం, 2025లో, మా కారును అమ్మకానికి పెట్టాను. కరెంటుతో నడిచే కారు. 2020 చివర్లో కొత్తది కొన్నాను. మా అబ్బాయి పుణేలో స్థిరపడిన తరువాత హోసూరులో మిగిలిన మా ఇద్దరికీ కారుతో పని తగ్గింది. వీధి చివర కూరగాయల అంగడికీ, నెలకొకసారి బెంగుళూరు ఆసుపత్రికీ అంత బండి ఎందుకనిపించింది.

బాగలూరు నుంచి ఒక కుర్రవాడు చూడవచ్చాడు. వైట్‌ఫీల్డ్‌లో ఏదో కంపెనీలో పని. రోజుకు రానూపోనూ 90 కిలోమీటర్లు. మోటారుసైకిలు మీద లారీల మధ్య తిరిగి తిరిగి నడుము పట్టేసిందట. బ్యాంకువాళ్ళు అయిదేళ్ళ అప్పు ఇస్తామన్నారట. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, తలుపులు తెరిచి మూశాడు, ఆ తరువాత అసలు సంగతి అడిగాడు.

"బ్యాటరీ ఎన్నేండ్లు వస్తాది మామా?"

"ఇంకా శానా ఏండ్లు వస్తాది నాయనా, దిగులు పడొద్దు" అన్నాను.

అది అబద్ధం కాదు. అయితే ముందురోజు రాత్రి ప్లగ్గు పెట్టి నూటికి నూరూ నింపి ఉంచాను. పొద్దున చల్లటి వేళ చూసి రమ్మన్నాను. స్టీరింగు ముందర 205 కిలోమీటర్లు అని అంకె వెలుగుతూ ఉంది. ఆ అంకె, అంతకుముందు నాలుగు రోజుల నా నిదానపు నడకను చూసి బండి వేసుకున్న అంచనా. హైవే మీద ఏ.సి. వేసుకుని పోతే 175 దాటదని నాకు తెలుసు. కొత్తలో అదే దారిలో 210 వచ్చేదనీ తెలుసు. కుర్రవాడు ఆ అంకె వైపే చూశాడు. నేను చూడనిచ్చాను.

ఆలోచించుకుని రెండు రోజుల్లో వస్తానని వెళ్ళాడు. ఆ రాత్రి మా తాత చెప్పిన సంత మాట ఒకటి గుర్తొచ్చింది. పాడి ఆవును సంతకు తోలేవాళ్ళలో కొందరు ముందురోజు సాయంత్రం పాలు పిండరు. దూడను దగ్గరికి రానివ్వరు. తెల్లారేసరికి పొదుగు బిగిసి నిండుగా కనబడుతుంది. కొనేవాడు ఆ పొదుగును చూసి బేరమాడతాడు. అమ్మేవాడు ఒక్క అబద్ధమూ ఆడడు, వాడి బదులు పొదుగే ఆడుతుంది. అలాంటివాణ్ణి మా తాత ఇంటి అరుగు ఎక్కనిచ్చేవాడు కాదు. అదే పని నేను ప్లగ్గుతో చేశాను.

అప్పటినుంచీ ఆ కుర్రవాడి ప్రశ్న నన్ను వదలలేదు. బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది? పైకి మెకానిక్కు చెప్పవలసిన జవాబులాగే కనిపిస్తుంది. తవ్వుకుంటూ పోతే అడుగున ఒక ధర్మసందేహం ఉంది. దాన్ని నా శక్తికొద్దీ పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు లెక్క చెబుతాను. టార్చిలైటు బ్యాటరీ ఒకనాడు వెలగడం మానేస్తుంది, దాని చావు కంటికి కనబడుతుంది. ఇళ్ళలో ఇన్వర్టర్లకు పెట్టే సీసపు బ్యాటరీ కొన్నేళ్ళు పనిచేసి మొరాయిస్తుంది. బెంగుళూరులో తయారై 2001లో అమ్మకానికొచ్చిన రేవా అనే చిన్న కరెంటు కారులో మొదట ఉన్నదీ సీసపు బ్యాటరీయే. ఇప్పటి కార్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ తీరు వేరు. దీన్ని 1991లో సోనీ కంపెనీ బజారుకు తెచ్చింది. దీని వెనక ఉన్న శాస్త్రానికి 2019లో గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇది సాధారణంగా ఒక్కరోజున చచ్చిపోదు, కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. నింపినప్పుడల్లా, ఊరికే నిలిపి ఉంచినప్పుడు కూడా, లోపలి గ్రాఫైటు మీద ఒక పలుచని పొర పెరుగుతూ ఉంటుంది. పాలు కాచే గిన్నె అడుగంటినట్టు అనుకోండి. గిన్నెకు అంటుకున్న పాలు మళ్ళీ పాలలో కలవవు. అలాగే ఆ పొరలో చిక్కుకున్న లిథియం మళ్ళీ పనికి రాదు. ఎండ వేడి, ఎప్పుడూ నిండుగా నింపి ఉంచడం, అదేపనిగా ఫాస్ట్ చార్జింగు చెయ్యడం, ఈ మూడూ ఆ అరుగుదలను తొందర చేస్తాయి.

ఎంత అరుగుతుంది? జియోటాబ్ అనే సంస్థ వేల బండ్ల లెక్కలు తీసి, సగటున ఏటా 2.3 శాతమని 2020లోనూ, 1.8 శాతమని 2024లోనూ చెప్పింది. సుమారుగా ఏటా 2 శాతం అనుకుంటే పదేళ్ళకు 80, పదిహేనేళ్ళకు 70 మిగులుతుంది. కంపెనీలు మామూలుగా ఇచ్చే హామీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఆలోగా 70 శాతం కిందికి దిగితే బాగుచేసో మార్చో ఇవ్వాలి. ఈ లెక్కన చాలా బండ్లలో బ్యాటరీ కంటె ముందు బండే పాతబడిపోతుంది. కుర్రవాడికి నేను చెప్పిన "శానా ఏండ్లు" తప్పేమీ కాదు.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయనక్కరలేదు. సగటు ఊరందరిదీ, అప్పు కట్టేవాడు మాత్రం ఒక్కడు. ఊళ్ళో సగటున ఇంటికి రెండు ఆవులున్నాయంటే, ఆవు లేని ఇంట్లో పిల్లలకు పాలు దొరకవు కదా.

సగటు వెనక ఏముంటుందో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో తెలిసివచ్చింది. 2010 చివర్లో అమ్మకానికొచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో బ్యాటరీని చల్లబరిచే ప్రత్యేకమైన ఏర్పాటు లేదు, గాలికి దానంతటదే చల్లారాలి. ఆ బండిలో బ్యాటరీ సత్తువను చూపడానికి 12 గీతలుంటాయి. మొదటి గీత పోయిందంటే 15 శాతం పోయిందని అర్థం. ఎడారి ఊరైన ఫీనిక్స్‌లో, బండ్లు కొని రెండేళ్ళైనా నిండకుండానే, 2012 ఎండాకాలంలో కొందరికి గీతలు రాలడం మొదలైంది. చల్లటి ఊళ్ళలోని అవే బండ్లకు అంత త్వరగా అలా కాలేదు. గొడవ కోర్టు దాకా పోయింది. చివరికి కంపెనీ, 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళ లోపల 9 గీతల కిందికి పడితే సరిచేసి ఇస్తామని 2013లో కొత్త హామీ చేర్చింది.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఏమంటే, ఎన్నేళ్ళు అనే ప్రశ్నకు జవాబు సగమే బ్యాటరీలో ఉంది. మిగతా సగం అది బతికిన ఊళ్ళోనూ, దాన్ని వాడిన చేతిలోనూ ఉంది. మా హోసూరు చల్లటి ఊరే. చెయ్యి మాత్రం నాది. 2022 ఏప్రిల్, మే నెలల్లో మేమిద్దరం నలభై రోజులు పుణేలో ఉన్నాము. వెళ్ళేముందు, తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని కారును నిండా నింపి, నీడలేని వాకిట్లో నిలిపి పోయాను. సగం మాత్రం నింపి నీడలో ఉంచాలని తరువాత తెలిసింది. తెలిసేసరికి ఆ ఎండ తన పని చేసుకుపోయింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడని సామెత. ఇక్కడ ఉప్పు తిన్నది నేను, నీళ్ళు తాగవలసింది బాగలూరు కుర్రవాడు. వాడు ఏ ఉప్పుకు దాహం వేస్తుందో కూడా తెలియకుండా తాగాలి.

ఇక రెండో చిక్కు. బ్యాటరీ "అయిపోయింది" అని ఎవరు చెప్పాలి? కరెంటు కార్ల పరీక్షలకు అమెరికాలో 1990లలో పెట్టుకున్న కొలతల్లో 80 శాతానికి దిగితే ఆయుష్షు తీరినట్టు లెక్క. హామీ కాగితాల్లో 70. ఇవి ప్రకృతి గీసిన గీతలు కావు, మనుషులు తమ వాడకానికి గీసుకున్నవి. 70 మిగిలిన బ్యాటరీ దూరప్రయాణానికి చాలకపోవచ్చు, ఊళ్ళో తిరగడానికి బ్రహ్మాండంగా చాలుతుంది. బండి మొయ్యలేకపోతే నేలమీద కూర్చుని పనిచేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ ఫుట్‌బాల్ స్టేడియంలో 2018లో లీఫ్ కార్ల బ్యాటరీలతో, వాటిలో కొన్ని వాడేసినవే, కరెంటు నిల్వ ఏర్పాటు చేశారు. కరెంటు పోతే స్టేడియానికి ఆదుకునేవి అవే. కాబట్టి "అయిపోయింది" అన్న మాటకు ముందు చాలాసార్లు "నాకు" అనే మాట దాక్కుని ఉంటుంది. నాకు అయిపోయింది, అంతే.

సరిహద్దుల బయట ఉన్న మనకు ఈ మాట కొత్త కాదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన చుట్టం మన మాట విని, మీ తెలుగు అరిగిపోయిందండీ, అరవం కలిసిపోయింది, కన్నడం కలిసిపోయింది అంటాడు. ఆ తెలుగులోనే మనవాళ్ళు బేరాలాడుకున్నారు, సంబంధాలు కుదుర్చుకున్నారు, పోయినవాళ్ళ కోసం ఏడ్చుకున్నారు. హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో ఎవరి పని వారికి అది చేసిపెడుతూనే ఉంది. ఎంత మిగిలిందనేది కొలిచేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. మన పిల్లలకు చదవడం రాయడం రావడం లేదన్న నిజాన్ని దాచిపెట్టి, అంతా బాగుందని చుట్టాల ముందు గొప్పలు పోతే, అది కూడా ముందురోజు పిండని పొదుగే.

మిగిలినది తక్కువైనంత మాత్రాన తప్పు లేదు. ఎంత మిగిలిందో దాచడంలో తప్పుంది. నా సందేహం ఇక్కడికి వచ్చి నిలబడింది.

నా మిత్రుడొకరు, ఆడిట్ పనిలో తల నెరిసినవాడు, ఈ మాట విని నవ్వాడు. "పాత పెట్రోలు కారు అమ్మేవాడెవడైనా ఇంజను జాతకం రాసిస్తాడా? చూసుకోవలసింది కొనేవాడు. తక్కువ ధరకు ఇస్తున్నావు, అందులోనే అన్నీ వచ్చాయి" అన్నాడు. మాట తేలికగా తోసెయ్యదగినది కాదు. ధర అనేది నిజంగానే ఎన్నో సంగతులను తనలో కలుపుకుంటుంది. కానీ ఇద్దరికీ తెలిసినదాన్నే అది కలుపుకోగలదు. పెట్రోలు ఇంజను పొగ వదులుతుంది, చప్పుడు మారుస్తుంది. చెవి తిరిగిన మెకానిక్కు రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. సంతలో కూడా తెలివైనవాడు ఆవును రెండు పూటలు పిండి చూసుకున్నాకే డబ్బిస్తాడు. బ్యాటరీ మూసిన పెట్టె. పొగ లేదు, చప్పుడు లేదు. దాని సంగతి తెలిసినవాడు దాన్ని అయిదేళ్ళు వాడుకున్నవాడు ఒక్కడే. కొనేవాడికి చూసే వీలు లేనిచోట అమ్మేవాడు తన చూపును కూడా బండితోబాటు ఇవ్వాలని నాకనిపిస్తుంది.

ఆయనే ఇంకొక మాట అన్నాడు. "ఇలా అందరికీ చెప్పుకుంటూ పోతే జనం భయపడి మళ్ళీ పెట్రోలు బండ్లే కొంటారు. పొగ తగ్గాలని నీకు లేదా?" ఉంది. మంచి పని కోసం చిన్న దాపరికం ఫరవాలేదన్న వాదం ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. అరిజోనాలో జనానికి కోపం వచ్చింది గీతలు రాలినందుకు మాత్రమే కాదని నా ఊహ. ముందే చెప్పి ఉంటే నీడ చూసుకునేవాళ్ళం, లేదా కొనేవాళ్ళం కాదు అన్న బాధ కూడా అందులో ఉంటుంది. చెప్పినందువల్ల ఒక బేరం పోవచ్చు. దాచినందువల్ల పోయే నమ్మకం మాత్రం ఆ ఒక్క బేరంతో ఆగదు.

2024 చివరి నుంచి మన దేశంలో కొన్ని కంపెనీలు బ్యాటరీకి "జీవితకాలపు హామీ" ప్రకటిస్తున్నాయి. చిన్న అక్షరాలు చదివితే ఆ హామీ మొదటి యజమానికి మాత్రమే. చేతులు మారితే లెక్కబెట్టిన ఏళ్ళే మిగులుతాయి. అంటే ఆ జీవితకాలం బ్యాటరీది కాదు, మొదట కొన్నవాడి యాజమాన్యానిది. ఇందులో మోసమేమీ లేదు, అంతా అచ్చులోనే ఉంది. కానీ ఒక వరస కనబడుతుంది. కొత్తది కొనగల స్తోమత ఉన్నవాడికి మంచి ఏళ్ళూ హామీ రెండూ దక్కుతాయి. రెండోవాడికి అరిగిన ఏళ్ళు, కొంచెం హామీ. మూడోవాడికి అరిగిన ఏళ్ళే. అన్నిటికంటె కడపటివాడు పెట్టెను విప్పి ముక్కలు చేసేవాడు. సీసపు బ్యాటరీలను పెరళ్ళలో పగలగొట్టి కరిగించిన చోట్ల ఆ సీసం పిల్లల నెత్తురులోకి ఎక్కిన కథ మన దేశానికి తెలియనిది కాదు. లిథియం బ్యాటరీని తెలియక విప్పితే మంట లేస్తుంది.

ఈ కడపటివాడి కోసమే 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. బ్యాటరీని బజారులో పెట్టినవాడే దాన్ని వెనక్కు తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత మొయ్యాలి. అందులోని లోహాలలో ఎంత భాగం తిరిగి రాబట్టాలో కూడా ఏటేటా పెరిగే లెక్క పెట్టారు. చట్టం మొదటివాడినీ కడపటివాడినీ ఒక తాడుతో కట్టింది. నడుమ నాలాంటివాళ్ళం ఉన్నాము. కొనుక్కుని వాడుకుని ఇంకొకరికి దాటించేవాళ్ళం. మనల్ని కట్టే తాడు చట్టంలో కనిపించలేదు. మనమే కట్టుకోవాలి.

మూడోనాడు కారును తీసుకుపోయి పరీక్ష చేయించాను. మిషను తగిలించి చూసి 84 శాతం ఉందన్నారు. ఇంటికి వచ్చి ఒక తెల్లకాగితం మీద రాశాను. కొన్న తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఈనాటికి 84, హైవే మీద వచ్చే దూరం 175, వారానికి ఎన్నిసార్లు నింపాను, ఎప్పుడెప్పుడు ఫాస్ట్ చార్జింగు పెట్టాను. చివర్లో 2022లో నలభై రోజులు నిండా నింపి ఎండలో నిలిపిన సంగతి. ఆ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. కింద సంతకం పెట్టాను. యూరప్ దేశాలలో 2027 ఫిబ్రవరి నుంచి కారు బ్యాటరీకి పాస్‌పోర్టులాంటి ఒక లెక్క తప్పనిసరి కాబోతున్నది. దేనితో చేశారు, ఎక్కడ చేశారు, ఇప్పుడెంత సత్తువ ఉంది అన్నీ అందులో ఉండాలని 2023లో చట్టం చేశారు. నా కాగితం దానికి పల్లెటూరి తమ్ముడు.

కుర్రవాడు వచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తరువాత వేళ్ళు మడిచి లెక్క వేశాడు. హామీ 2028 చివరిదాకా, వాడి అప్పు 2030 దాకా.

"నడుమ రెండేండ్లు దేవుడి మీద ఉండాది మామా."

"అవును నాయనా. ఆ రెండేండ్లకూ నేను పూచీ పడలేను. నలభై వేలు తగ్గిస్తాను. అక్కరలేదంటే నాకేమీ కోపం రాదు."

ఏమీ అనకుండా వెళ్ళాడు. రాడనుకున్నాను. మా ఆవిడ లోపలినుంచి, "ఆ నలభై వేలతో పుణేకు ఎన్నిసార్లు పోయి రావచ్చునో లెక్క వేసినారా?" అంది. వేశాను. చెప్పలేదు.

ఆ ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కారును చూడలేదు. నన్నే కాసేపు చూసి, "రాసిచ్చినోడు ఇంగేమి దాస్తాడు, తీసుకో" అంది. ఆ మాటకు నేను పూర్తిగా తగినవాణ్ణని అనుకోను. మొదటిరోజు నిండిన పొదుగు చూపించింది నేనే. ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. కుర్రవాడు నవ్వి, "అది నాకూ తెలుసు మామా, యూట్యూబులో చూసినా. నువ్వు చెప్తావో లేదో అని ఊరికే ఉన్నా" అన్నాడు.

డబ్బు బ్యాంకు ద్వారా వచ్చింది. తాళాలు ఇచ్చాను. కాగితం మాత్రం నా చేతిలోనే మిగిలిపోయింది. వాడు కారెక్కినవాడల్లా దిగి వచ్చాడు.

"అది కూడా నాకే ఇచ్చేయ్ మామా. కింద శానా జాగా ఉండాది. నా లెక్క నేను రాసుకుంటా పోతా. ఇంగొకరికి ఇచ్చేటప్పుడు దీంతోనే ఇస్తా."